మఠాలూ కోటలూ హోటళ్ళయితే

ప్రశ్న: దిండి రిసార్టులో గోదావరిని చూస్తూ గడిపి వచ్చాం. ఐరోపాలో సముద్రపుటొడ్డున పాత మఠాలూ కోటలూ హోటళ్ళయ్యాయని విన్నాం. నిజమేనా? ఖర్చు మాటేమిటి?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: నిజమేనండి. ఇటలీ ద్వీపమైన సిసిలీలోని తావోర్మీనాలో డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల శాఖకు చెందిన 14వ శతాబ్దపు మఠం 1896లో హోటలైంది. సన్యాసుల గదులు అతిథుల గదులయ్యాయి గాని, నడిమి తోటను చుట్టిన రాతి వసారాలు, దూరాన ఎట్నా అగ్నిపర్వతం, దిగువన సముద్రం అలాగే ఉన్నాయి. అద్దె మాత్రం సామాన్యులకు అందదు. స్పెయిన్‌లో 1928లో మొదలైన ‘పారడోర్’ హోటళ్ళు ప్రభుత్వానివి. వాటిలో చాలా హోటళ్ళు పాత కట్టడాల్లో నడుస్తున్నాయి. 1493లో కొలంబస్ నౌకల్లో ఒకటైన పింటా తిరిగివచ్చి ఆగిన బయోనా రేవు పక్కనే, కోటగోడల మధ్య ఉన్న పారడోర్‌కే నా ఓటు. జూలై, ఆగస్టుల్లో అద్దెలు మండిపోతాయి. దసరా సెలవుల్లో తగ్గుతాయి గాని, అట్లాంటిక్ వానకు గొడుగు తప్పదు.