కోటి డిగ్రీల ప్లాస్మాకు లేజర్ థర్మామీటర్

ప్రశ్న: గాదంకిలో లేజర్‌తో వాతావరణాన్ని పరిశీలించే లైడార్‌లో వాడే ఎన్‌డీ-యాగ్ లేజర్‌నే, ప్లాస్మాను (ఎలక్ట్రాన్లు విడిపోయిన అతి వేడి వాయువును) అయస్కాంతాలతో బంధించే టోకమాక్‌లో దాని వేడి కొలవడానికీ వాడతారట. పద్ధతి ఒకటేనా? లేజర్ పడి ప్లాస్మా ఇంకా వేడెక్కదా?
– ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: లేజర్ ఒకటే, పని వేరమ్మా. గాదంకిలో 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని గాలి అణువులు, ధూళికణాలు చెదరగొడతాయి. టోకమాక్‌లో 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని విడి ఎలక్ట్రాన్లు చెదరగొడతాయి. ఇదే థామ్సన్ స్కాటరింగ్. ఎలక్ట్రాన్ల వేగం పెరిగేకొద్దీ డాప్లర్ ప్రభావంతో (కదలిక వల్ల తరంగదైర్ఘ్యం మారడంతో) చెదిరిన కాంతి వర్ణపటం వెడల్పవుతుంది. 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, అంటే సుమారు 1.16 కోట్ల డిగ్రీల దగ్గర, లంబంగా చూస్తే లేజర్ గీతకు అటూ ఇటూ 90 నానోమీటర్ల దాకా పరుచుకుంటుంది. దూరాన్ని గాదంకి తీరులో కాంతి వెళ్లి తిరిగొచ్చే కాలాన్ని బట్టి లెక్కగట్టే లైడార్ థామ్సన్ పద్ధతి కూడా ఇంగ్లండ్‌లోని జెట్ టోకమాక్‌లో పనిచేసింది. 1 నానోసెకను తేడా అంటే 15 సెంటీమీటర్లు. అందుకే దానికి 0.3 నానోసెకన్ల పల్సు కావాల్సి వచ్చింది.

వేడెక్కుతుందన్న భయం అక్కర్లేదు, లేజర్ కాంతి దాదాపు అంతా ప్లాస్మాను దాటి వెళ్లిపోతుంది. అసలు చిక్కు తిరిగొచ్చే కాంతి మరీ తక్కువ కావడం. 1 జౌల్ పల్సులో ఫోటాన్లు సుమారు 5 పక్కన 18 సున్నాలు. వాటిలో సెంటీమీటరు మేర ప్లాస్మా నుంచి డిటెక్టర్ పట్టేవి కొన్ని వేలే. కిటికీ అంచుకు తగిలి చిందిన లేజర్ వెలుగు చాలు, వాటిని ముంచేయడానికి. అందుకే ప్రతిఫలనం అతి తక్కువగా ఉండే బ్రూస్టర్ కోణంలో కిటికీలు, గొట్టంలో చిందిన వెలుగును ఆపే బాఫిల్స్, చివర కిరణాన్ని పీల్చేసే బీమ్ డంప్ పెడతారు. పల్సు పొడవు 10 నానోసెకన్లే కాబట్టి, డిటెక్టర్‌ను ఆ కాసేపే తెరిస్తే ప్లాస్మా సొంత వెలుగు బాధ తగ్గుతుంది.

నాలుగైదు ఫిల్టర్ల వెనక ఉన్న ఆవలాంచ్ ఫోటోడయోడ్ల (మసక కాంతినీ పసిగట్టే డిటెక్టర్ల) సిగ్నళ్ల నిష్పత్తి ఉష్ణోగ్రతనూ, మొత్తం కాంతి సాంద్రతనూ చెబుతాయి. ఉష్ణోగ్రత నిలకడగా ఉండి సాంద్రత మాత్రం రోజురోజుకీ తగ్గుతుంటే ప్లాస్మాను అనుమానించకండి. కిటికీకి పొర పట్టి ఉంటుంది, లేదా కిరణం పక్కకు జరిగి, కాంతిని డిటెక్టర్‌కు చేర్చే ఫైబర్ చూపులోంచి తప్పుకుని ఉంటుంది. నిష్పత్తి మారదు గనుక ఉష్ణోగ్రత దెబ్బతినదు. ఆ పొర నీలం వైపు (తక్కువ తరంగదైర్ఘ్యం వైపు) కాంతిని ఎక్కువగా ఆపితే మాత్రం అదీ తప్పుతుంది. సరిచూసేందుకు ప్లాస్మా లేనప్పుడు నైట్రోజన్ నింపి రామన్ సిగ్నల్ (అణువులు రంగు మార్చి చెదరగొట్టే కాంతి) తీస్తారు. అణువుల నుంచే వచ్చే రేలీ స్కాటరింగ్ అయితే లేజర్ రంగులోనే వస్తుంది కాబట్టి చిందిన వెలుగుతో కలిసిపోతుంది.

ప్రశ్న: సెకనుకు ఎన్నిసార్లు కొలవగలరు?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: 50 హెర్ట్జ్ లేజర్ అయితే 20 మిల్లీసెకన్లకు ఒకసారి. ప్లాస్మా అంచున వచ్చే విస్ఫోటాలు ఒక మిల్లీసెకనులోపే ముగుస్తాయి. వాటి కోసం రెండు మూడు లేజర్లను వెంటవెంటనే పేలుస్తారు, లేదా సెకనుకు వేల పల్సుల వేగమున్న పల్స్-బర్స్ట్ లేజర్ వాడతారు. దానిలో లేజర్ కాంతి పుట్టే రాడ్ వేడెక్కితే కిరణం ఆకారం చెడుతుంది కాబట్టి ఆ జోరు కొద్దిసేపే.