మన రంగుకు చర్మ పరీక్ష అవసరమా?

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మీకు ఆఫీసువారు చర్మ క్యాన్సర్ ఉందేమో చూసే చర్మ పరీక్ష ఉచితంగా చేయిస్తామన్నారనీ, మన రంగువారికి అది అవసరమా, అవసరమైతే ఒంట్లో ఎక్కడెక్కడ చూసుకోవాలి అనీ అడిగారు. ఉచితమైతే వెనుకాడకుండా వెళ్ళండి. ఆ మాట ఈ దేశంలో తరచుగా వినపడదు.

క్లినిక్కుల గోడల మీద కనిపించే బొమ్మలు తెల్లవారిని దృష్టిలో పెట్టుకొని వేసినవి. వారి మగవారిలో మెలనోమా, అంటే తరచుగా పుట్టుమచ్చలా కనిపించే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్, ఎక్కువగా వీపు మీద, ఛాతీ మీద, తరువాత తల, మెడ మీద కనిపిస్తుంది. ఆడవారిలో కాళ్ళ మీద, ముఖ్యంగా మోకాలి కింద ఎక్కువ. చొక్కా లేకుండా తిరిగే మగవారికీ, పొట్టి గౌన్లు తొడిగే ఆడవారికీ ఎండ తగిలే చోట్లు వేరు కావడం అందుకు ఒక కారణం. బేసల్ సెల్, స్క్వేమస్ సెల్ అనే మిగతా చర్మ క్యాన్సర్ రకాలు మాత్రం ఇద్దరిలోనూ ముఖం మీదే ఎక్కువ, చెవులపై వచ్చేవి మాత్రం మగవారిలోనే అధికం, ఎందుకంటే ఆడవారి చెవులను చాలావరకు జుట్టు కాపాడుతుంది.

ఆ బొమ్మలు చూసి, ఇది మనకు రాని జబ్బు అని వచ్చిన కొత్తలో నేనూ తేల్చేసుకున్నాను. మడమ కింద ఉన్న పుట్టుమచ్చ అంచులు చెదిరి పెద్దదవుతున్నా, చెప్పు ఒరుసుకుందని సరిపెట్టుకున్నాను. అసలు కారణం ఫీజు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కార్డు లేని వీసా మీద ఉన్నవాడిని, ప్రతి డాలరునూ రూపాయలలోకి మార్చి చూసుకొని గుండె పట్టుకునేవాడిని. డాక్టరు ఫీజు ఒకటి, ముక్క తీసి ల్యాబుకు పంపితే దాని బిల్లు మరొకటి అని తెలిశాక ఆ ఊసే ఎత్తలేదు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చి, కార్డు చేతిలో పడ్డాక గాని వెళ్ళలేదు. అది ప్రమాదం లేని మచ్చేనని తేలింది గాని, నల్లటి చర్మం గలవారికి మెలనోమా వస్తే సాధారణంగా వచ్చేది అరికాలిలో, అరచేతిలో, గోరు కిందనే అని అక్కడి డాక్టరు నెమ్మదిగా చీవాట్లు పెట్టినప్పుడే నాకు తెలిసింది. ఈ రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే. 1981లో, 36 ఏళ్ళకే ఆయన మరణించాడు. మనకు ఇది అరుదే, కానీ దెబ్బ తగిలి నల్లబడిందనుకొని ఊరుకోవడం వల్ల ఆలస్యంగా బయటపడుతుంది, ఆలస్యమైన కొద్దీ బిల్లు పెరుగుతుంది.

కనుక స్నానం తరువాత కాలివేళ్ళ సందులు, అరికాళ్ళు, గోళ్ళ మీద కొత్తగా వచ్చే నల్లటి నిలువు గీతలు చూసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు. పాత కాలిన మచ్చ మీద మానని పుండు పడితే అదీ చూపించాలి, ఎండ తగలని చోట స్క్వేమస్ సెల్ క్యాన్సర్ మనవాళ్ళకు అలాగే వస్తుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక 3కు చేరితే టోపీ, సన్‌స్క్రీన్ వాడాలన్న నియమాలు క్యాన్సర్ కౌన్సిల్ సైటులో ఉన్నాయి, అవి మీరే చదువుకోగలరు. మీ ఓవర్సీస్ విజిటర్ ఆరోగ్య బీమా పాలసీ డాక్టరు ఫీజులో ఎంత తిరిగి ఇస్తుందో మాత్రం అపాయింట్‌మెంటుకు ముందే ఫోను చేసి అడగండి. మీ తరంవారు బీమా కంపెనీ యాప్ చూసి ఊరుకుంటారు, బిల్లు వచ్చాక బాధపడతారు.

అమ్మగారిని విజిటర్ వీసా మీద పిలిపిస్తున్నానన్నారు. దశాబ్దాలపాటు లోలంగా బొందు ఒకేచోట బిగించి కట్టుకున్నవారికి నడుము చుట్టూ చర్మం నల్లబడి, పొలుసులు లేచి, అరుదుగా కొందరికి అక్కడే క్యాన్సర్ పుట్టిన సందర్భాలు మన దేశపు వైద్యులు నమోదు చేశారు. బిగించి పంచె కట్టే మగవారిలోనూ ఇది కనిపించింది. అలాంటి మానని పుండు ఉందేమో అడిగి, ఉంటే ఊళ్ళోనే చర్మవైద్యునికి చూపించి, బొందుకు బదులు వెడల్పాటి పట్టీ ఉన్న లంగాలు కుట్టించుకొని రమ్మనండి. ముందునుంచే ఉన్న జబ్బుకు విజిటర్ బీమా సాధారణంగా చెల్లించదు.