ఏరేటర్లు వేస్తే సిగ్నల్ పోతోంది

ప్రశ్న: ఆకివీడు దగ్గర మాకు రొయ్యల చెరువుంది. ఆక్సిజన్ సెన్సర్ రీడింగును 600 మీటర్ల దూరంలో ఉన్న షెడ్డుకు 866 మెగాహెర్ట్జ్ లోరా (తక్కువ పవర్‌తో దూరం పంపే రేడియో) మాడ్యూళ్లతో పంపుతున్నాం. పగలు బాగానే వస్తోంది. రాత్రి ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) వేశాక సగం రీడింగులు అందట్లేదు. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ప్యాకెట్‌ను ఎంత సాగదీసి పంపాలో చెప్పే సెట్టింగు) 7 నుంచి 12కు పెంచినా అంతే. పవర్ పెంచాలా?

జవాబు: పవర్ జోలికి అప్పుడే పోకండి. రిసీవర్‌లో ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం), ఎస్‌ఎన్‌ఆర్ (గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంతో) రెండూ పగలోసారి, రాత్రోసారి రాసుకోండి. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ మైనస్ 115 డీబీఎం కిందికి పడితే సిగ్నలే బలహీనం. మైనస్ 95 దగ్గరే నిలబడి ఎస్‌ఎన్‌ఆర్ మాత్రం సున్నా దిగితే, అది బయటి గోల, అంటే వేరే పరికరాల విద్యుత్ అలజడి. మీది రెండోదే కావచ్చు.

ఓ రాత్రి రిసీవర్‌ను పవర్‌బ్యాంకు మీద నడపండి. రీడింగులు సరిగా వస్తే తప్పు రిసీవర్‌కు కరెంటిచ్చే అడాప్టర్‌ది. ఏరేటర్ల స్టార్టర్ ప్యానెల్ (మోటార్లు ఆన్ చేసే పెట్టె) లైను నుంచి దాన్ని తప్పించండి. అప్పటికీ రాకపోతే యాంటెన్నాను ప్యానెల్‌కు నాలుగైదు మీటర్లు దూరం జరపండి.

12కు పెంచడం మేలుకన్నా కీడే చేసి ఉండొచ్చు. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో 20 బైట్ల ప్యాకెట్ 7లో సుమారు 57 మిల్లీసెకన్లే గాలిలో ఉంటుంది; 12లో 1.3 సెకన్లు. అంతసేపూ పక్క చెరువుల ప్యాకెట్లతో ఢీకొనే ప్రమాదమే. పైగా కరెంటు పోయి వస్తే అందరి పరికరాలూ ఒకేసారి మొదలై, నిమిషం నిమిషానికీ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. 9కి దించండి. పంపే ముందు 0–10 సెకన్ల మధ్య ఏదో ఒక ఆలస్యం ప్రోగ్రామ్‌లో పెట్టండి. 865–867 మెగాహెర్ట్జ్ మధ్యనే ఉంటూ ఫ్రీక్వెన్సీని 400 కిలోహెర్ట్జ్ పక్కకు జరపండి. అందినట్టు జవాబు రాకపోతే మూడుసార్ల దాకా మళ్లీ పంపాలి.

600 మీటర్లకు దారి మధ్యలో గట్టు, చెట్లకు పైన 4 మీటర్లకు పైగా ఖాళీ కావాలి. కొబ్బరిచెట్లు అడ్డొస్తే యాంటెన్నా పైపు ఎంత ఎత్తు లేపినా చాలదు, చోటు మార్చాల్సిందే. పైపు చివరే మాడ్యూల్ బిగించండి. మాడ్యూల్ నుంచి యాంటెన్నాకు ఆర్‌జీ-58 కేబుల్ 5 మీటర్లు లాగితే దాదాపు సగం పవర్ అందులోనే పోతుంది.

ఇవన్నీ చేసినా, 10 నిమిషాలు రీడింగు రాకపోతే షెడ్డులో సైరన్ మోగేలా పెట్టుకోండి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళకే లింకూ పోతుంది.

ప్రశ్న: భీమవరం బస్టాండులో ఫోన్ నుంచి ఫోన్‌కు వీడియో పంపితే నత్తనడకే. ఎందుకని?

జవాబు: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీదొకటి పడని వైఫై ఛానెళ్లు 1, 6, 11 మూడే. అక్కడ అందరి హాట్‌స్పాట్లూ వాటిమీదే. రెండు ఫోన్లలోనూ 5 గిగాహెర్ట్జ్ ఉంటే అది ఎంచుకోండి.