హింసపై పరిశోధన: స్టాటిస్టిక్స్ చదివినవారికి చోటుందా?

ప్రశ్న: స్టాటిస్టిక్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. తుపాకులు, కత్తుల వల్ల జరిగే హింసను ప్రజారోగ్య కోణంలో పరిశోధించాలని ఉంది. ‘అది పోలీసులు చూసుకునే పని, పైగా నువ్వు డాక్టరువి కూడా కాదు’ అంటున్నారు నాన్నగారు. ఇది కెరీర్ అవుతుందా?

జవాబు: అవుతుంది. హింస ప్రజారోగ్య సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ 1996లోనే తీర్మానం చేసింది. దోషి ఎవరో తేల్చడం పోలీసుల పని. గాయాలు ఎక్కడ, ఏ వేళలో, దేనితో ఎక్కువవుతున్నాయి, ఏం మారిస్తే తగ్గుతాయి అన్నది మీ పని.

వేల్స్‌లోని కార్డిఫ్ సంగతి నాన్నగారికి చెప్పండి. కొట్లాటల్లో దెబ్బలు తిని ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది పోలీసు రికార్డుల్లోకే ఎక్కడం లేదని జొనాథన్ షెపర్డ్ అనే సర్జన్ గమనించారు. దాంతో ఎమర్జెన్సీ విభాగం రిసెప్షన్‌లోనే అడగడం మొదలుపెట్టారు: దెబ్బ ఎక్కడ తగిలింది, ఎన్నింటికి, ఏ ఆయుధంతో? పేర్లు తీసేసి ఆ వివరాలను పోలీసులకు, నగర పాలక సంస్థకు ఇచ్చారు. ఏ వీధిలో, ఏ బార్ దగ్గర గొడవలు ఎక్కువో తెలిశాక గస్తీ అటు మళ్లింది. అలాంటివే అయిన ఇతర నగరాలతో పోలిస్తే, హింస వల్ల ఆసుపత్రిలో చేరేవారు అక్కడ 42 శాతం తగ్గారని 2011లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఏ నగరాలతో పోల్చాలి, తగ్గుదల దీనివల్లేనా, వేరే కారణముందా అన్నవి మీ సబ్జెక్టు ప్రశ్నలే కదా!

ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం 1993లో అమెరికాలో చేసిన అధ్యయనం చూడండి. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ముప్పు సుమారు 2.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. అయితే, ముందే ప్రాణభయం ఉన్నవాళ్లు తుపాకీ కొనుక్కుని ఉండొచ్చుగా అన్నారు విమర్శకులు. న్యాయమైన ప్రశ్నే. ఇలాంటి ప్రశ్నకు డేటాతో జవాబు చెప్పగలిగేవాళ్లే ఈ రంగానికి కావాలి.

ఒక్క విషయంలో మాత్రం నాన్నగారి టెన్షన్‌కి అర్థముంది. నిధులు రాజకీయాల మీద ఆధారపడతాయి. గాయాల నివారణకిచ్చే ఫెడరల్ డబ్బును తుపాకీ నియంత్రణను సమర్థించడానికి వాడకూడదంటూ అమెరికా కాంగ్రెస్ 1996లో పెట్టిన డిక్కీ సవరణ తర్వాత ఆ దేశంలో తుపాకుల పరిశోధనకు ఫెడరల్ డబ్బు రెండు దశాబ్దాలకు పైగా దాదాపు ఆగిపోయింది. 2020 బడ్జెట్‌లో గానీ 2.5 కోట్ల డాలర్లు రాలేదు. అంతకాలం ఈ ఒక్క అంశాన్నే నమ్ముకుని ఉండటం చాలామందికి కుదరలేదు.

అందుకే ఎపిడెమియాలజీలో (జబ్బులు, గాయాలు జనంలో ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం) గానీ బయోస్టాటిస్టిక్స్‌లో (ఆరోగ్య డేటాకు వాడే స్టాటిస్టిక్స్) గానీ మాస్టర్స్ చేయండి. రోడ్డు ప్రమాదాలు, నీట మునగడం, ఆత్మహత్యలు, అన్నింటికీ పద్ధతులు దాదాపు ఒకటే. హింస మీద గ్రాంటు లేని ఏడాది కూడా ఉద్యోగం ఉంటుంది. డేటా విశ్లేషణకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఇప్పుడే గట్టిగా పట్టుకోండి.

ఇంకోమాట. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. హత్యల గురించి తెలుసుకుందామని వచ్చినవాళ్లకు ఇది గట్టిగా తగులుతుంది. మరణాల రికార్డులు రోజూ చదవడం మనసు మీద పడుతుంది కాబట్టి, గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ బరువు పంచుకునే టీమ్ ఉందో లేదో అక్కడి విద్యార్థులనే అడగండి.