బానెట్ కింద: ఈ85 కారు, మూత లోపల మీగడ

ప్రశ్న: నమస్తే సార్. మాది తెనాలి. ఉద్యోగరీత్యా అమెరికాలో, మిన్నియాపొలిస్‌లో ఉంటున్నాను. నా రెండు లీటర్ల టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ కారుని ఈ85కి, అంటే 85 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలుకి, ట్యూన్ చేయించాను. పవర్ అదిరిపోయింది. కానీ అక్టోబరులో ఆయిల్ మారిస్తే జనవరికల్లా ఆయిల్ మూత లోపల పెరుగు మీగడలా తెల్లటి జిగురు పట్టింది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగింది. హెడ్ గాస్కెట్ పోయిందని ఒక ఫ్రెండ్ అంటాడు. 20డబ్ల్యూ-50 అనే చిక్కటి రేసింగ్ ఆయిల్ పొయ్యమని ఇంకొకడు. ఆఫీసు ఇంటికి ఏడు నిమిషాలే. ఇంజిన్ అరిగిపోతోందా?

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయమంతా ఆ ఏడు నిమిషాల్లోనే ఉంది. మీరు దాన్ని చివర్లో ఏదో మాటవరసకి రాశారు.

ముందు గాస్కెట్ సంగతి తేల్చుకోండి. కూలంట్ ఆయిల్లో కలవకుండా ఆపే సీలు అది. కూలంట్ మట్టం తగ్గకుండా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ గోధుమ రంగులోనే ఉండి, జిగురు మూత దగ్గర మాత్రమే కనిపిస్తే అది చల్లటి మూతకి పట్టిన చెమ్మే. కూలంట్ తగ్గుతుంటే మాత్రం మీ ఫ్రెండ్ మాట వినాల్సిందే. నాకు కంగారు పుట్టించింది జిగురు కాదు, పెరిగిన మట్టం. డిప్‌స్టిక్ తీసి ఇంధనం వాసన వస్తోందేమో చూడండి. ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో పరికరం కంటే ముందు నా ముక్కే చెప్పేది.

ఒక కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ85కి సుమారు 9.8 చాలు. అంటే అదే గాలికి బరువులో ఒకటిన్నర రెట్లు ఇంధనం సిలిండర్లోకి పోతుంది. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడి లాగేసుకుంటుంది. ట్యూనర్లు దాన్ని ఇష్టపడేది అందుకే: గాలి చల్లబడుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండటం) తగ్గుతుంది, బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచుకోవచ్చు. అదే గుణం గడ్డకట్టే చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఎదురు తిరుగుతుంది. ఆవిరి కాని ఇంధనం సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరని కడిగేసి, పిస్టన్ రింగుల పక్కనుంచి సంపులోకి, అంటే అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, దిగుతుంది. దానికి తోడు మండగా వచ్చిన నీటి ఆవిరి.

ఒక్క ఊరట ఉంది. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆయిల్ 100 డిగ్రీలకి చేరి కాసేపు అక్కడే ఉంటే ఇథనాల్, నీరు రెండూ ఆవిరై పీసీవీ (ఇంజిన్ అడుగు ఆవిర్లని లాగేసే వాల్వు) దారిన బయటికి పోతాయి. పెట్రోల్లోని బరువైన భాగాలైతే అంత తేలిగ్గా వదలవు. కానీ ఏడు నిమిషాల్లో వేడెక్కేది కూలంట్ ముల్లు మాత్రమే. ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. దాన్లో మిగిలిపోయిన నీరు, ఇథనాల్, ఆమ్లాలు కలిసి ఆయిల్లోని క్షార నిల్వని, అంటే టీబీఎన్‌ని, తినేస్తాయి. అది అయిపోయాక బేరింగుల్లో రాగి, సీసం ఉంటే వాటి వంతు. పైన రింగులు, వాల్వుల్ని తెరిచే క్యామ్ లోబులు, హై ప్రెషర్ పంపుని తోసే ఫాలోయర్ ఉంటే అదీ అరుగుతాయి. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: ఇలాగే నడిపితే అరుగుతుంది. ఈ85 పోసినందుకు కాదు, ఆయిల్‌ని కాగనివ్వనందుకు.

రేసింగ్ ఆయిల్ సలహా ఇచ్చిన మిత్రుడికి దండం పెట్టి ఊరుకోండి. మీ ఊరి చలిలో 20డబ్ల్యూ-50 క్యామ్ దాకా చేరేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. అసలు రేసు కోసమే చేసిన ఆయిళ్లు చాలావాటిలో డిటర్జెంట్ తక్కువ, ఎందుకంటే వాటిని రేసు కాగానే పారబోస్తారు. మీకు కావలసింది ఆయిల్ నాణ్యత ప్రమాణాలైన ఏపీఐ ఎస్పీ, ఐఎల్‌ఎస్‌ఏసీ జీఎఫ్-6 గుర్తులు గానీ, వాటి తర్వాత వచ్చినవి గానీ ఉన్న సింథటిక్, మీ మాన్యువల్ ఒప్పుకున్న గ్రేడులో. 2010లో జీఎఫ్-5 ప్రమాణం వచ్చినప్పుడే ఈ85 కోసం ఒక పరీక్ష పెట్టారు: 80 పాళ్ల ఆయిల్లో 10 పాళ్ల ఈ85, 10 పాళ్ల నీరు కలిపి 24 గంటలు వదిలేస్తారు. నీరు విడిపోయి అడుగుకి చేరితే ఆ ఆయిల్ ఫెయిల్. డబ్బా మీది సింహం బొమ్మ కంటే ఈ గుర్తు ముఖ్యం.

ఇప్పుడున్న ఆయిల్ వెంటనే మార్చండి. మట్టం గరిష్ఠ గీత దాటి ఉంటే అప్పటిదాకా గట్టిగా లాగొద్దు. చలికాలంలో 3,000 మైళ్లకి మించి ఉంచొద్దు, అన్ని మైళ్లు తిరక్కపోయినా వసంతం రాగానే మార్చేయండి. వారానికోసారి హైవే మీద అరగంటకి పైగా నడపండి. ఇంటి ముందు ఐడిల్‌లో వదిలేయడం పనికిరాదు, అది ఇంకాస్త ఇంధనాన్ని దించుతుంది. హైవే తిరిగొచ్చాక మట్టం దిగితే బెంబేలెత్తకండి, పోయింది ఆయిల్ కాదు.

మీ కారుకి ఫ్లెక్స్ సెన్సర్ (ఇంధనంలో ఇథనాల్ ఎంతుందో కొలిచేది) ఉంటే జనవరి, ఫిబ్రవరుల్లో ప్రీమియం పెట్రోలే పోసుకోండి. ట్యూనరు ఇంజిన్ కంప్యూటర్లో ఈ85కి మాత్రమే రాసిన మ్యాప్ (సెట్టింగులు) అయితే మ్యాప్ మార్చకుండా పెట్రోలు పొయ్యకండి, నాకింగుతో పిస్టన్లు పోతాయి. అమెరికాలో ఈ85 పేరుతో అమ్మేదాన్లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఉండొచ్చు, చలికాలంలో తగ్గిస్తారు. సెన్సర్ లేకపోతే ట్యాంకులో ఏముందో మీరు కొలిచి చూసుకోవాల్సిందే.

మార్చేటప్పుడు చిన్న సీసాడు ఆయిల్ ల్యాబుకి పంపండి. ఇనుము, రాగి, సీసం, టీబీఎన్ చూడండి. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పలేం. రెండు మూడు వరసగా పెట్టుకుంటే ఎటు పోతోందో తెలుస్తుంది. లాంగ్ డ్రైవ్ కాగానే తీసిన శాంపిల్లో ఇంధన శాతం తక్కువ వస్తే మురిసిపోకండి. ఇథనాల్ అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ట్యూన్ చేయించిన లీటర్ టర్బో కారు నాది, 2021 మోడల్. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక ఆయిల్ మామూలు గడువులో సగం కిలోమీటర్లకే మార్చాలని, వేరే అడిటివ్ కలపాలని గ్యారేజీలో చెప్తున్నారు. నిజమేనా?

జవాబు: అడిటివ్ వద్దు. మంచి ఆయిల్లో ఉండాల్సినవన్నీ కొలతగా ఉంటాయి, పైనుంచి కలిపితే ఆ పొందిక చెడుతుంది. ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. మీ కారు దానికంటే ముందుది కాబట్టి నేనైతే ఆయిల్ కంటే ముందు ఇంధన పైపులు, సీళ్లు చూపిస్తాను. ఇక ఆయిల్ అంటారా, మన ఎండలకి మిన్నియాపొలిస్ బాధ ఉండదు. ట్రాఫిక్‌లో రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండి అయితే మాన్యువల్లో కఠిన వాడకానికి రాసిన గడువు పాటించండి. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే బండికి మామూలు గడువు చాలు. ట్యూన్ చేయించారు కాబట్టి డిప్‌స్టిక్ మాత్రం నెలకోసారి తీసి చూడండి.