కథల పుస్తకం వదలని పిల్లవాడు పాఠ్యపుస్తకం ఎందుకు ముట్టడు?

మీ పదేళ్ల బాబు కథల పుస్తకం పట్టుకుంటే పిలిచినా పలకడని, పాఠ్యపుస్తకం మాత్రం ముట్టడని రాశారు. కథల పుస్తకాలు దాచేస్తే దారిలోకి వస్తాడా అని అడిగారు. దయచేసి దాచకండి. నేనూ అలాంటి పిల్లనే, మా ఇంట్లో దాచారు. నా మార్కులేమీ పెరగలేదు. అప్పటిదాకా చదివిన ప్రతి కథా అమ్మకు చెప్పేదాన్ని. ఆ తర్వాత చాటుగా చదవడం అలవాటై, చెప్పడం మానేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బడి పుస్తకాలంటే నాకు మొదట్లో అయిష్టం లేదు. కొత్త వాచకం ఇచ్చిన రోజే చివరి పేజీ దాకా చదివేసేదాన్ని. ఒకసారి నాకు బాగా నచ్చిన పాఠం మీద ప్రశ్న ఇస్తే జవాబు సొంత మాటల్లో రాశాను. తప్పేం లేదు. కానీ నోట్సులో ఉన్నట్టు లేదని టీచర్ అడ్డంగా కొట్టేశారు. ఇష్టంతో చదివేది వేరు, పరీక్షకు చదివేది వేరు అన్న మాట అప్పుడే మనసులో నాటుకుపోయింది. మీ బాబుకూ అలాంటిదేమైనా జరిగిందేమో మెల్లగా కనుక్కోండి. పిల్లలు ఇలాంటివి అడగనిదే చెప్పరు.

అలాగని తప్పంతా బడిదే అనను. బాగా చదివే పిల్లలకు ఒక చిక్కు ఉంటుంది. లెక్కల పుస్తకంలో చేసి చూపించిన లెక్కను నేను కథలా చదువుకుంటూ పోయేదాన్ని. ప్రతి మెట్టూ అర్థమయ్యేది, వచ్చేసిందనుకునేదాన్ని. అదే లెక్క తెల్లకాగితం మీద చేయమంటే మొదటి మెట్టు కూడా తోచేది కాదు.

రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల గురించి చదివాక నా చిన్నతనం నాకు అర్థమైంది. కాలేజీ విద్యార్థుల్లో కొందరిచేత ఒక పాఠాన్ని మళ్లీ చదివించారు. మిగతావాళ్లు పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. నేను ఏళ్ల తరబడి చేయనిది సరిగ్గా అదే, పుస్తకం మూసి గుర్తు చేసుకోవడం.

నన్ను మార్చింది మా సైన్సు మాస్టారు. బెంచీ కింద కథల పుస్తకం చదువుతుంటే పట్టుకున్నారు. తిడతారనుకుని వణికిపోయాను. ఆయన పుస్తకం ఇంటికి తీసుకెళ్లి, మర్నాడు తిరిగిచ్చి, "సగం చదివానమ్మా, మిగతా కథ నువ్వే చెప్పు" అన్నారు. చెప్పాను. "ఇప్పుడు నిన్నటి పాఠం కూడా ఇలాగే చెప్పు" అన్నారు. రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాను. ఆయన ఏమీ అనలేదు, "రేపు చెబుదువులే" అన్నారు. ఆ రాత్రి నేను పాఠం చదివిన తీరే వేరు.

మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. ముందు వాడు చదువుతున్న కథ చెప్పించుకుని, నిజంగా వినండి. కొన్నాళ్లయ్యాక సైన్సు పాఠం ఒకటి అలాగే చెప్పమనండి, ఆగిపోయిన చోట మాత్రమే పుస్తకం తెరవమనండి. లెక్కలకు ఇది చాలదు. చేసి చూపించిన లెక్కను కాగితంతో మూసి, వాడిచేత చేయించి, తర్వాత సరిచూసుకోనివ్వాలి. మొదట్లో విసుక్కుంటాడు. రోజుకు రెండు లెక్కలు చాలు, మిగతా సమయం వాడి కథలకు వదిలేయండి.