వాలెన్సియాకు బుధవారం సాయంత్రానికే చేరుకో

చి. సౌ. మాధవికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ అత్తమామలు మ్యూనిక్ వచ్చాక సెప్టెంబరులో అందరూ కలిసి స్పెయిన్ వెళుతున్నారనీ, బార్సిలోనాకూ మాడ్రిడ్‌కూ నడుమ రెండు రోజులు వాలెన్సియాలో ఆగుతారనీ మీ నాన్న చెప్పి, నీవు తయారుచేసిన పట్టిక నాకు పంపాడు. మీ అన్నయ్య అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ మీ పెద్దమ్మా ఫిబ్రవరి చివర నుంచి మే దాకా ఆ ఊళ్లోనే ఉన్నాము కనుక, అడగకపోయినా నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. నీ పట్టికలో వాలెన్సియాకు ఆది, సోమవారాలు కేటాయించావు. మిగిలినవి ఎలా ఉన్నా, ఆ ఒక్కటీ మార్చు. బుధవారం సాయంత్రానికి అక్కడికి చేరి, గురు, శుక్రవారాలు ఉండి బయలుదేరండి.

గురువారం ఎందుకంటే, ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు అక్కడి ప్రధాన చర్చి ముంగిట, అపొస్తలుల ద్వారం దగ్గర, నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. తురియా నది నుంచి ఊరి చుట్టూ ఉన్న పొలాలకు నీరు తీసుకువెళ్లే ఎనిమిది కాలువల రైతులు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులు నల్లని పై అంగీలు తొడుక్కుని వచ్చి, ఇనుప కటకటాల లోపల వేసిన కుర్చీల్లో కూర్చుంటారు. గంటలు పన్నెండు కొట్టగానే బంట్రోతు ఒక్కొక్క కాలువ పేరూ పిలిచి, దాని మీద ఫిర్యాదున్న వారెవరైనా ఉన్నారా అని అడుగుతాడు. వాదనంతా నోటిమాటగానే, వాలెన్సియా భాషలోనే సాగుతుంది. వకీళ్లు ఉండరు. ఎవరి కాలువ మీద తగాదా వచ్చిందో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో పాల్గొనడు. ఈ పద్ధతి అరబ్బుల పాలన నాటి నుంచి వస్తున్నదని అక్కడి వారి నమ్మకం. 1238లో ఊరిని జయించిన జైమె రాజు కూడా కాలువల పాత కట్టుబాట్లను అలాగే ఉంచాడు. 2009లో యునెస్కో దీనిని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

చాలా వారాల్లో ఫిర్యాదులేవీ ఉండవు, అంతా కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది. ఈ మాత్రానికా ఎండలో నిలబెట్టారు అని అల్లుడుగారు అనవచ్చు. ఉద్యోగమంతా గోదావరి కాలువల మీద గడిపినవాడిని కాబట్టి నాకు ఆ నిమిషాలే ముఖ్యమనిపించాయి. శివారు ఆయకట్టుకు నీరందక రైతులు లాకుల దగ్గర రాత్రంతా కాపలా ఉండటం, ఎగువవాడు తూము తెరిచాడని దిగువవాడు గొడ్డలి పట్టుకు రావడం మనం చూశాము. అక్కడ ఒక్కో కాలువకు ఇన్ని ఘనపుటడుగులు అని లెక్క లేదు. నదిలో ఎంత నీరుంటే అందులో ఇంత వంతు అని మాత్రమే ఉంది, కనుక నీరు తగ్గిన ఏడాది అందరికీ కలిసి తగ్గుతుంది. 1860లలో మన దేశంలో కాలువలు తవ్విస్తున్న ఆంగ్ల ప్రభుత్వం మార్కమ్ అనే అధికారి చేత తూర్పు స్పెయిన్ నీటిపారుదల మీద ప్రత్యేకంగా నివేదిక తెప్పించుకున్నదంటే ఆ ఏర్పాటులో ఎంత సరుకుందో ఊహించుకో. పదకొండున్నరకే వెళ్లి కటకటాల దగ్గర చోటు చూసుకోండి, ఆలస్యమైతే పర్యాటకుల వీపులే కనిపిస్తాయి. ఆ గురువారం అక్కడ సెలవు రోజు కాకుండా ముందే చూసుకో.

ఆ ఉదయం పొద్దున్నే కేంద్ర సంతకు వెళ్లండి. 1928లో ప్రారంభించిన ఆ ఇనుము, గాజు కప్పుల మండపంలో ఇప్పటికీ ఊరివారే కూరగాయలు కొంటారు. మధ్యాహ్నం మూడుకు మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. నీ పాత పట్టిక ప్రకారం వెళితే మూసిన తలుపులు చూసి వచ్చేవారు. దానికి ఎదురుగానే లోన్హా అనే పట్టు వర్తకుల భవనం ఉంది. 1482లో మొదలై 1533లో ముగిసిన కట్టడం అది. తాడు పేనినట్టు మెలితిరిగి పైకి లేచి కప్పులో విచ్చుకునే స్తంభాలను అందరూ ఫొటోలు తీసుకుంటారు. మీరు గోడల పైభాగాన చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలను కూడా గమనించండి. మాటలో మోసం లేకుండా, పొరుగువాడికిచ్చిన మాట తప్పకుండా, వడ్డీకి అప్పివ్వకుండా వ్యాపారం చేసేవాడు సిరిసంపదలూ శాశ్వత జీవితమూ పొందుతాడని వాటి భావం. వడ్డీ వ్యాపారం సంగతి మీ మామగారికి చదివి వినిపించకు, ఆయన బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు కదా.

చర్చి గంటల గోపురానికి 207 మెట్లున్నాయి, మెలికల మెట్లు, ఇరుకు. మీ అత్తగారి మోకాళ్ల దృష్ట్యా ఆమెను ఎక్కించే ఆలోచన మానుకోండి. మీరిద్దరు ఎక్కి వచ్చేదాకా పెద్దవాళ్లు లోపల ప్రధాన వేదిక పైకప్పు మీది సంగీత దేవదూతల చిత్రాలు చూస్తూ కూర్చోవచ్చు. తరువాత కట్టిన కప్పు చాటున శతాబ్దాలు దాగి, అవి 2004లో బయటపడ్డాయి.

ఎండ తగ్గాక సెర్రానోస్ కోట ద్వారం దగ్గర నుంచి పాత నదిలోకి దిగండి. నదిలోకి అంటున్నది నిజమే. 1957 అక్టోబరు 14న తురియా పొంగి ఊరిని ముంచి, ఎనభైమందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు ఊరికి దక్షిణంగా కొత్త పాయ తవ్వి నదిని అటు మళ్లించారు. ఎండిపోయిన పాత గర్భంలో పెద్ద రహదారి వేయాలని అధికారులు తలపెడితే, అది మాది, పచ్చగా ఉండాలని జనం పట్టుబట్టి తోట వేయించుకున్నారు. పాత రాతి వంతెనల కింద ఇప్పుడు చెట్లూ, ఆడుకునే పిల్లలూ ఉంటారు. అయితే వరదలో సగం కథే ఇది. 2024 అక్టోబరు 29న కురిసిన వానకు ఆ కొత్త పాయ పాత ఊరిని కాపాడింది కానీ, దానికి దక్షిణాన ఉన్న పైపోర్తా, కతరోహా వంటి ఊళ్లు మునిగి, ఆ జిల్లాలో రెండు వందల ఇరవైకి పైగా ప్రాణాలు పోయాయి. టాక్సీ డ్రైవరుతోనో హోటలువారితోనో ఆ ప్రస్తావన వస్తే తొందరపడకుండా వినండి. వాళ్లలో చాలామందికి అది సొంత ఇంటి విషయం.

తోట చివర కళా విజ్ఞాన నగరం అనే, తెల్లగా మెరిసే భవనాల సముదాయం వస్తుంది. బయట నుంచి ఒక చుట్టు చాలునని నా అభిప్రాయం.

శుక్రవారం పూర్తిగా అల్బుఫెరా సరస్సుకు ఉంచండి. ఊరికి పది కిలోమీటర్ల దక్షిణాన, సన్నని అడవి పట్టీ సముద్రం నుంచి వేరు చేసిన మంచినీటి సరస్సు అది, చుట్టూ వరి చేలు. మే నెలలో వరి విత్తడానికి నీళ్లు పెట్టిన చేలను మేము చూశాము. మీరు వెళ్లేది కోతల సమయం. ఎల్ పల్మార్ గ్రామానికి సిటీ బస్సు వెళుతుంది. అక్కడ పడవ ఎక్కి, మధ్యాహ్నం రెండింటికి పాయెయా అనే అక్కడి అన్నపు వంటకం తినండి. అది పగటి భోజనమే. రాత్రి పూట దానిని వడ్డించే హోటళ్లు పర్యాటకుల కోసం పెట్టినవి. అసలు వంటకంలో కోడి, కుందేలు మాంసం, చదునైన పచ్చి చిక్కుళ్లు, పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, కుంకుమ పువ్వు పడతాయి. కనీసం ఇద్దరికి వండుతారు, అప్పటికప్పుడే వండుతారు, కాబట్టి ఆకలి మీద వెళ్లి విసుక్కోవద్దు. పెనం అడుగున పట్టిన మాడు కోసం అక్కడ పోటీ పడతారు. దానిని వదిలేస్తే వంటవాడు నొచ్చుకుంటాడు.

మీ అత్తగారి శాకాహారం గురించి మాత్రం గట్టిగా జాగ్రత్త పడు. కూరగాయల అన్నం అని హోటలు వంటకాల పట్టికలో ఉన్నా, ఉడికించే నీరు కోడిదో చేపలదో కావచ్చు. ముందురోజే ఫోన్ చేసి, మాంసపు రసం వద్దని స్పానిష్‌లో చెప్పించు. అక్కడి ఓర్చాతా ఆమెకు తప్పక నచ్చుతుంది. తుంగగడ్డల జాతి దుంపలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పంచదార కలిపి చల్లగా ఇస్తారు. అందులో ఆవుపాలు ఉండవు. ఆ దుంపలు పండే అల్బొరాయా ఊరి పక్కనే ఉంది, మెట్రోలో వెళ్లవచ్చు.

సముద్రానికి ట్రాములో వెళ్లి, దగ్గరలోని కబన్యాల్ అనే బెస్తవాడలో రంగు పలకలు అతికిన ఇళ్లు చూసి రండి, గంట చాలు. బార్సిలోనా నుంచి రైలు ప్రయాణం సుమారు మూడు గంటలు. వేగపు రైళ్లు హోకిన్ సొరోయా స్టేషనులో ఆగుతాయి, 1917 నాటి అందమైన ఉత్తర స్టేషను వేరే. మాడ్రిడ్ రైలుకు సామాను మోసుకుని పొరపాటున అందులోకి వెళ్లకండి. టిక్కెట్లు ముందుగా కొంటే బాగా చవక, కనుక తేదీలు మార్చే పని ఈ వారమే చెయ్యి.

మీ అత్తమామలకు నా నమస్కారాలు, అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెదనాన్న